నాపరాయి అరుగు మీద ఇరవై నిమిషాలు

కర్నూలులో ఒక ధర్మాసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఆయాగా పని చేశాను. అందులో చివరి పదకొండేళ్ళు వెన్నుపూస వార్డులో. ఇప్పుడు రాస్తున్న సంగతి జరిగినప్పుడే రాసి ఉంటే వివరాలు ఇంకా బాగా గుర్తుండేవి. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. పని మానేశాక, మా వీధిలో ఒక రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళి కూర్చున్నాను. మొదటి ఏడాది పేరు రాయడంతోనే సరిపోయింది. ఇప్పుడు నిదానంగానైనా పేజీ నింపగలను. ఒత్తులు టీచరమ్మ దిద్దుతుంది.

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఎండాకాలం మొదట్లో నన్ను వేంపల్లె దగ్గర ఒక పల్లెకు 'ఇంటి డ్యూటీ'కి వేశారు. ఇంటి డ్యూటీ అంటే ఏమిటో చెప్పాలి. వెన్నుపూస దెబ్బ తిన్న మనిషి ఆసుపత్రిలో ఎన్ని నెలలున్నా చివరికి ఇంటికి వెళ్ళాలి. అక్కడ సిస్టర్లు ఉండరు, అమ్మానాన్నలుంటారు. వాళ్ళకు పని నేర్పడానికి మా ఆసుపత్రివాళ్ళు ఒక ఆయాను పదిహేను రోజులు ఆ ఇంటికి పంపేవారు. మొదటి ఐదు రోజులు ఆయా చేస్తుంది, ఇంటివాళ్ళు చూస్తారు. తర్వాతి ఐదు రోజులు ఇంటివాళ్ళు చేస్తారు, ఆయా చెయ్యి కలుపుతుంది. చివరి ఐదు రోజులు ఆయా చేతులు కట్టుకుని చూస్తుంది. ఆఖరి ఇరవై నాలుగు గంటలు పరీక్ష. ఆ రోజు ఆయా ముట్టుకోకూడదు, నోరు విప్పకూడదు. అదయ్యాక మనిషి ఒంటిమీద ఎక్కడా మచ్చ లేకపోతే ఆ ఇల్లు పాసయినట్టు. చర్మం చిట్లితే మాత్రం మనిషిని తిరిగి వార్డుకు తీసుకురావాలి. అది మా హెడ్ సిస్టర్ పెట్టిన నియమం.

రోజూ సాయంత్రం ఆరింటికి నేను హెడ్ సిస్టర్‌కు ఫోన్ చేయాలి. తాగిన నీళ్ళు, మూత్రం, విరేచనం, జ్వరం, చర్మం, ఈ వరసలోనే ఆమె అడుగుతుంది, నేను చెప్పింది ఫైల్లో రాసుకుంటుంది. చదువుకున్న ఆయాలు కాగితం మీద రాసి తెచ్చేవాళ్ళు. నాకు ఫోన్ మాటే రిపోర్టు. నేను ఏది చెబితే అదే ఆసుపత్రికి తెలిసిన నిజం.

నేను వెళ్ళింది హరి ఇంటికి. అతనికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. చీనీకాయల, అంటే బత్తాయిల, లోడు మీద టార్పాలిన్ పట్టా కడుతూ లారీ పైనుంచి వెనక్కి పడ్డాడు. నడుముకు కాస్త పైన ఎముక విరిగి లోపలి నరాలు నలిగాయి. ఆపరేషన్ చేశారు. నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. నడుము పైన మాత్రం గంపలు మోసి గట్టిపడిన భుజాలు. మా వార్డులో ఐదు నెలలు ఉన్నాడు. నోరు ఊరకుండని మనిషి కావడంతో వార్డులో అందరికీ కావలసినవాడయ్యాడు. ఇంటికి పంపుతున్నామని చెబితే, మీ ఆసుపత్రి ఉప్మాకు నా కాళ్ళు తప్ప అన్నీ దండం పెడుతున్నాయి అన్నాడు.

కడపలో బస్సు మారి నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. చీనీతోటలో ఇల్లు. అతని తండ్రి ఓబుళరెడ్డి, తల్లి సుబ్బమ్మ, తండ్రికి తల్లి అయిన జేజి, ఈ ముగ్గురే ఇంట్లో ఉండేది. జేజికి డెబ్బై అయిదు దాటి ఉంటుంది. నన్ను చూడగానే, ఈమేనా మన పిల్లోన్ని తిప్పే ఆయమ్మ, ఈమెనే ఎవరో ఒకరు పట్టి తిప్పాల్సినట్టు ఉండాదే అని కోడలితో అంది. నేను సన్నగా ఉంటాను. అప్పటికి నా మీద ఆమెకు ఏ నమ్మకమూ లేదు.

మొదట నేర్పింది తిప్పడం. మనం ఒకే పక్క మీద ఎక్కువసేపు పడుకుంటే నొప్పి పుట్టి, నిద్రలోనైనా పక్కకు జరుగుతాం. స్పర్శ లేని మనిషికి ఆ కబురు అందదు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక, పుండు పడుతుంది. ఆ పుండు పడడానికి ఒక పూట చాలు, మానడానికి నెలలు కావాలి. అందుకని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. వెన్ను మెలిపడకుండా భుజాలూ నడుమూ కాళ్ళూ ఒక్కటిగా, దుంగను దొర్లించినట్టు తిప్పాలి. దీనికి ఇద్దరు కావాలి. తిప్పిన ప్రతిసారీ చర్మం చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే భయం లేదు. నొక్కినా తెల్లబడకపోతే అక్కడ ప్రమాదం మొదలైనట్టు.

సుబ్బమ్మ ఇదంతా విని మళ్ళీ మొదటినుంచి చెప్పమంది. ఓబుళరెడ్డి మాత్రం వెంటనే పట్టేశాడు. తోటకు డ్రిప్పు పైపులు రాకముందు అతను ముప్పై ఏళ్ళు కాలవ నీళ్ళు పారించిన మనిషి. ఒక మడి నిండగానే మడవ తిప్పి నీళ్ళు పక్క మడికి పెట్టాలి, ఆలస్యమైతే ఈ మడి కుళ్ళుతుంది, ఆ మడి ఎండుతుంది. "మడవ తిప్పే పనే గదా ఇది" అన్నాడు. ఆ రోజునుంచి రెండు గంటలకు ఒక్క నిమిషం తప్పలేదు. ఎవరూ లేపకపోయినా లేచేవాడు. నేను పదకొండేళ్ళలో ఎంతోమందికి ఈ పని నేర్పాను. అంత తొందరగా నేర్చుకున్నవాళ్ళు లేరు.

సుబ్బమ్మతోనే కష్టమైంది. పని చేయక కాదు, ఎక్కువ చేసి. అన్నం కలిపి ముద్దలు పెట్టేది. మొహం తుడిచేది. ఫోన్ మోగితే తీసి చెవి దగ్గర పట్టుకునేది. మూడో రోజు హరి ముద్ద నోట్లో ఉండగానే నాతో అన్నాడు, "ఆయమ్మా, మా అమ్మకు నా కాళ్ళు పోయినాయని డాక్టరు చెప్పినాడు గానీ, చేతులు ఉండాయని ఎవరూ చెప్పినట్టు లేదు." సుబ్బమ్మ నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి నవ్వింది. కంచం మాత్రం అతని ఒళ్ళో పెట్టేసి లోపలికి వెళ్ళింది. అంతటితో ఆ పని ఒకటి తగ్గింది.

మూత్రం పని హరి తానే చేసుకోవాలి. నాలుగు గంటలకొకసారి చేతులు సబ్బుతో కడిగి, సన్నని గొట్టంతో మూత్రం తీసుకోవడం వార్డులోనే నేర్చుకున్నాడు. ఈ పనిలో రహస్యమేమీ లేదు. నీళ్ళు బాగా తాగాలి, గడియారం చూసుకోవాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా జ్వరం వస్తుంది. కానీ ఆ ఇంట్లో గడియారానికి ఒక పెద్ద శత్రువు ఉండేది. అది పలకరింపు.

మా సీమలో మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తే బంధువులు చూడడానికి రాకపోతే తప్పు. వచ్చినవాళ్ళను త్వరగా పంపితే అంతకంటే పెద్ద తప్పు. పొద్దున ఏడింటినుంచి బిస్కెట్ ప్యాకెట్లతో, ద్రాక్షపళ్ళతో వచ్చేవాళ్ళు. హరి మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని, పడిన రోజు ఏం జరిగిందో మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకుని, నిట్టూర్చి, కాఫీ తాగి, ఇంకొకరు వచ్చేదాకా కూర్చునేవాళ్ళు. వాళ్ళముందు గొట్టం ఎలా తీస్తాడు? లేవండి అని సుబ్బమ్మ ఎలా అంటుంది? అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది సుబ్బమ్మ అన్న పెద్దమామ. బరువైన మనిషి, మంచి మనసు, కదిలే అలవాటు లేదు. అయిదో రోజు హరి బిందెలో నీళ్ళు తగ్గలేదని గమనించి అడిగాను. తాగకపోతే గొట్టంతో పని పడదు గదా, మామావాళ్ళు పోయినాక తాగుతాలే అన్నాడు. మర్యాద కోసం మనిషి నీళ్ళు మానేయడం నేను అప్పుడే చూశాను. నీళ్ళు తాగకపోతే కర్నూలుకు ఫోన్ చేస్తానని బెదిరించి తాగించాను. చుట్టాల సంగతి ఏం చేయాలో మాత్రం నాకు తోచలేదు. ఆసుపత్రిలో అయితే వాచ్‌మన్ గంట కొడతాడు.

హరికి ఇంటికి వచ్చిన రోజునుంచీ ఒకటే కోరిక. ఇంటికి యాభై అడుగుల దూరంలో మోటారు కొట్టం ఉంది. దానిముందు రెండు రాళ్ళ మీద నిలిపిన పెద్ద నాపరాయి అరుగు. పడకముందు రోజూ సాయంత్రం దానిమీద కూర్చుని మోటారు వేసి, స్నేహితులతో మాట్లాడుతూ తోటంతా చూసేవాడు. ఇప్పుడు ఫోన్ నొక్కితే మోటారు ఆన్ అయ్యే పెట్టె పెట్టించారు. మంచం మీదనుంచైనా వేయవచ్చు. కానీ అతనికి ఆ బండ మీదనుంచే వేయాలని. ఓబుళరెడ్డి కొడుకు మాట విని, చక్రాల కుర్చీ మట్టిలో కూరుకుపోకుండా ఇంటినుంచి కొట్టందాకా రెండు రోజుల్లో నాపరాళ్ళు పరిపించాడు. మా వైపు ఆ రాళ్ళకు కరువు లేదు.

ఆరో రోజు సాయంత్రం అయిదున్నరకు బయలుదేరాం. కుర్చీలోనుంచి బండ మీదికి మారడం హరి తన చేతులతో తానే చేయాలి. ఫిజియో సార్ వార్డులో నేర్పించిన పని అది. మారేముందు కూర్చునే చోటు చూడడం ఆయా బాధ్యత. రాళ్ళు, ముళ్ళు, తడి, వేడి చూడాలి. నేను తుండుతో దుమ్ము దులిపాను. అరచెయ్యి బండకు ఆనించి చూశాను. వెచ్చగా ఉంది. కూర్చోవచ్చని చెప్పాను.

హరి ఒక్క ఊపులో మారాడు. సుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఫోన్ తీసి నొక్కాడు, కొట్టంలో మోటారు మొదలైంది. ఆ సంబరంలో ఇరవై నిమిషాలు గడిచాయి. కూర్చున్న మనిషి పావుగంటకొకసారి చేతులు ఆనించి ఒళ్ళు పైకి లేపాలి. అది అతనూ మరిచాడు, నేనూ గుర్తు చేయలేదు.

ఏడింటికి చర్మం చూస్తే రెండు తొడల వెనకా చెయ్యంత మేర ఎర్రగా ఉంది. నొక్కాను. తెల్లబడలేదు. ఆ రోజు ఆరింటి ఫోన్ అప్పటికే అయిపోయింది. తెల్లవారేసరికి రెండువైపులా రేగుపండంత బొబ్బలు లేచాయి. హరికి ఏమీ తెలియదు. అద్దం పెట్టి చూపిస్తే చాలాసేపు చూసి, ఇవి నావేనా అన్నాడు.

ఎలా జరిగిందో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం మళ్ళీ అయిదున్నరకు ఒక్కదాన్నే బండ దగ్గరికి వెళ్ళాను. అరచెయ్యి పెట్టాను. వెచ్చగానే ఉంది. ముంజేతి లోపలి భాగం ఆనించాను. అయిదు లెక్కపెట్టేలోగా తీసేయవలసి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండునుంచి పడమటి ఎండంతా ఆ బండ మీదే పడుతుంది. పొద్దు వాలినా రాయి చల్లారదు. నా అరచేతులు మాత్రం ఇరవై ఏళ్ళు మరిగే నీళ్ళ పెట్టెలోనుంచి స్టీలు గిన్నెలు తీసి తీసి మొద్దుబారాయి. స్నానం నీళ్ళు మోచేత్తో చూడాలని ఆ ఇంటివాళ్ళకు నేనే నేర్పాను. రాయి దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యి పెట్టాను. వార్డులో రాయి మీద ఎవరూ కూర్చోరు. అందుకే ఆ అలవాటు నాకు లేదు.

ఆరు కావస్తోంది. నేను ఫోన్ చేతిలోకి తీసుకోవడం ఓబుళరెడ్డి చూశాడు. వచ్చి నిదానంగా అన్నాడు, ఈ బొబ్బల సంగతి కర్నూలుకు ఎందుకు, రెండు రోజుల్లో మానిపోతాయి, మళ్ళీ వార్డుకు తీసుకుపొమ్మంటే వీడు తట్టుకోలేడు అని. సుబ్బమ్మ నా చెయ్యి పట్టుకుంది. జేజి వెన్న గిన్నె తెచ్చి పూయమంది. ఏ మందూ పూయకూడదంటే ఆ గిన్నె అక్కడే పెట్టి కూర్చుంది.

నాకూ భయమే. నా చేతి కింద చర్మం దెబ్బతినడం ఆ వార్డులో చేరాక అదే మొదలు. ఇక ఇంటి డ్యూటీకి పంపరు. అంతకంటే ముఖ్యం, హరి వార్డుకు తిరిగి వెళ్తే ఆ ఇంటివాళ్ళు మా చేత కాదని అనుకుంటారు. అలా అనుకున్న ఇళ్ళు నేను చూశాను. రెండోసారి పంపినా వాళ్ళు మనిషిని మంచం దిగనివ్వరు. చెప్పకపోతే అడిగేవాళ్ళు లేరు. చర్మం బాగుందా అంటే బాగుందంటే చాలు.

మంచం మీదనుంచి హరి పిలిచాడు. "చెప్పు ఆయమ్మా. నా తొడలే నాకు అబద్ధం చెప్తాండాయి. నువ్వు గూడా చెప్తే, నేను ఇంక ఎవర్ని నమ్మాల?"

ఫోన్ చేశాను. నీళ్ళు, మూత్రం, విరేచనం, జ్వరం వరసగా అయ్యాయి. చర్మం అనగానే ఉన్నదున్నట్టు చెప్పాను. కూర్చునే చోటు ఎవరు చూశారు అని హెడ్ సిస్టర్ అడిగింది. నేనే అన్నాను. ఎలా చూశావంది. అరచేత్తో అన్నాను. ఆయా పొరపాటు అని రాస్తున్నా అని చెప్పి రాసుకుంది. తర్వాత ఫొటోలు పంపమంది. హరి తన ఫోన్ అద్దం దగ్గర పెట్టి తానే తీసి పంపాడు. పెళ్ళిచూపుల ఫొటో కంటే దీనికే ఎక్కువ కష్టపడ్డానని ఫోన్లో ఆమెతో అన్నాడు. హెడ్ సిస్టర్ నవ్వడం నేను తక్కువసార్లు విన్నాను. అది ఒకటి.

డాక్టరు ఫొటోలు చూసి ఇచ్చిన ఆర్డరు ఇది. బొబ్బలు ఇంకా చిట్లలేదు గనక ప్రస్తుతానికి ఇంట్లోనే ఉండవచ్చు, కానీ వాటిని చిదపకూడదు. సెలైన్ నీళ్ళతో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టాలి. పన్నెండు రోజులు కూర్చోకూడదు, వెల్లకిలా పడుకోకూడదు. పక్కలకు తిప్పాలి, మిగిలిన సేపంతా బోర్లా పడుకోబెట్టాలి. చీము పట్టినా, పుండు పెరిగినా వెంటనే అంబులెన్స్‌లో కర్నూలు. పన్నెండో రోజుకు చర్మం మూసుకుంటే ఇంట్లోనే పరీక్ష పెట్టవచ్చు. అప్పటిదాకా నా డ్యూటీ పొడిగించారు.

బోర్లా పడుకోబెట్టడమంటే తేలిక కాదు. ఎదకింద ఒక దిండు, తొడల కింద ఒకటి, కాలివేళ్ళు పరుపుకు ఆనకుండా పాదాలు అంచు బయటికి. మంచం వసారాలోకి మార్చి, తల తోటవైపు పెట్టాం. గడ్డం కింద చేతులు పెట్టుకుని హరి తోటంతా చూసేవాడు. అక్కడినుంచే మోటారు వేసేవాడు, ఏ చెట్టు దగ్గర పైపు కారుతోందో తండ్రికి చెప్పేవాడు. తను నిలబడి ఉన్నప్పుడు ఆ కారడం ఎప్పుడూ కనిపించలేదట.

చుట్టాలు రావడం మానలేదు. కానీ ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. బోర్లా పడుకున్న మనిషి మొహం నేలకు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే అతని వీపుతో మాట్లాడాలి. మొహం చూడాలంటే కింద కూర్చోవాలి. మొదటిరోజు పెద్దమామ వచ్చి, కాస్త తటపటాయించి, నేల మీద చతికిలబడ్డాడు. పడిన రోజు సంగతి మొదలుపెట్టబోతే హరి అడ్డుకున్నాడు. "మామా, ఆ కథ నీకు నాలుగుసార్లు చెప్పినా. ఇప్పుడు టైమయింది, నన్ను తిప్పాల. మా నాయన తోటలో ఉండాడు. నువ్వు నడుము దగ్గర పట్టు." పెద్దమామ నావైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన లేవడానికే రెండు నిమిషాలు పట్టింది, జేజి చెయ్యిచ్చి లేపింది. "చూడను వచ్చినోళ్ళను గూడా మేమే లేపాల్నా అప్పా" అంది.

తిప్పడం మాత్రం బాగా తిప్పాడు. బరువైన మనిషి చేతులు నిలకడగా ఉంటాయి. హరి పట్టు ఎక్కడో చెబుతుంటే, సుబ్బమ్మ భుజాలు పట్టుకోగా, ఒకటి, రెండు అని లెక్కపెట్టి ఒక్కటిగా దొర్లించాడు. తర్వాత తానే దిండు సరిచేసి, చర్మం చూసి, ఇక్కడ కొంచెం ఎర్రగా ఉండాదే అన్నాడు. నొక్కి చూడమన్నాను. తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది. ఆయన ఏదో కనిపెట్టినవాడిలా రెండోసారి నొక్కాడు.

అక్కడినుంచి ఆ ఇంటి పద్ధతి మారింది. టైమైతే హరి దాచుకోకుండా చెప్పేవాడు, ఇప్పుడు గొట్టం, ఒక పది నిమిషాలు తోట చూసి రండి అని. తిప్పే వేళకు ఎవరుంటే వాళ్ళను పిలిచేవాడు. సగంమంది గుమ్మందాకా వచ్చి, క్షేమం అడిగి, పని ఉందని వెళ్ళిపోయేవాళ్ళు. మిగతా సగం నేర్చుకున్నారు. పన్నెండు రోజులయ్యేసరికి సుబ్బమ్మా ఓబుళరెడ్డీ కాక, పెద్దమామ, పక్క తోట మస్తాన్, అతని భార్య, ఎదురింటి సుశీలమ్మ దుంగ దొర్లింపు తప్పు లేకుండా చేసేవాళ్ళు. మస్తాన్ భార్య ఒకరోజు నన్నే దిద్దింది, పాదాల కింద చుట్టిన తుండు మరిచావని. నిజంగానే మరిచాను.

నేను అంతకుముందు ఏ ఇంటికి వెళ్ళినా తల్లికీ తండ్రికీ మాత్రమే నేర్పి వచ్చేదాన్ని. నియమం కూడా అలాగే ఉండేది. చుట్టాలు అడ్డమని అనుకునేదాన్ని.

డాక్టరు చెప్పిన పన్నెండు రోజుల్లో తొమ్మిదో రోజుకు బొబ్బలు ఎండాయి. పదకొండో రోజు పైపొర ఊడి, కింద లేత గులాబీ చర్మం కనిపించింది. పన్నెండో రోజు పొద్దున సుబ్బమ్మ నొక్కింది. నన్ను చూడమని అడగలేదు. తెల్లబడింది, తిరిగి గులాబీ అయింది. ఆమె మళ్ళీ నొక్కబోతే హరి అన్నాడు, "చాలమ్మా, కాలింగ్ బెల్లు కాదు అది." ఆ సాయంత్రం ఫొటో పంపాడు. హెడ్ సిస్టర్, రేపు అరగంట కూర్చోబెట్టండి, ఎల్లుండి గంట, ఆపైన పరీక్ష అంది.

పరీక్ష రోజు పొద్దున ఆరింటినుంచి మరునాడు ఆరింటిదాకా. నేను వసారా మూల చాప మీద కూర్చున్నాను. మొదటి పూట బాగానే జరిగింది. పదకొండు గంటలకు సుబ్బమ్మ నీళ్ళ బిందె ఎత్తబోయి నడుము పట్టేసి అక్కడే కూర్చుండిపోయింది. లేవలేకపోయింది. ఓబుళరెడ్డి మండీకి కాయలు పంపించి రావడానికి అప్పుడే వెళ్ళాడు, ఒంటిగంటకు గాని రాడు. పన్నెండింటికి హరిని పక్క తిప్పాలి, ఇద్దరు కావాలి. నేను లేస్తే పరీక్ష పోతుంది. లేవకపోతే చర్మం పోతుంది. కొత్తగా మూసుకున్న చర్మం అది, ఒక గంట ఆలస్యం కూడా దానికి ఎక్కువే. నేను లేవడానికే నిశ్చయించుకున్నాను. పరీక్ష మళ్ళీ పెట్టించుకోవచ్చు.

నేను కాలు ముడవకముందే హరి ఫోన్ తీశాడు. ఎవరెవరికో రెండేసి మాటలు చెప్పి పెట్టేశాడు. నావైపు చూసి, కూర్చో ఆయమ్మా అన్నాడు. పన్నెండుకు మూడు నిమిషాలుండగా పెద్దమామ మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. ఆ వెనకే మస్తాన్ భార్య తోటలోనుంచి కడిగిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె భుజాలు, ఆయన నడుము పట్టారు. జేజి దిండు పట్టుకుని నిలబడి లెక్క పెట్టింది. తిప్పడమయ్యాక జేజి నా దగ్గరికి వచ్చి, "ఏమే ఆయమ్మా, ఊరకే కూర్చోను జీతం ఇస్తారా మీ ఆసుపత్రిలో" అంది. మాట్లాడకూడదు గనక నవ్వాను.

ఒంటిగంటకు ఓబుళరెడ్డి వచ్చాడు. అతనికి తోడు పెద్దమామ ఆ రాత్రికి ఉండిపోయాడు. ఆ తర్వాత సాయంత్రందాకా, మరునాడు పొద్దునదాకా ఒక్క తిప్పుడు కూడా తప్పలేదు. ఆరింటికి హరి తానే అద్దంతో చూసుకుని, తల్లికి చూపించి, నాకు చూపించాడు. ఎక్కడా మచ్చ లేదు. హెడ్ సిస్టర్‌కు ఆ మాట హరే చెప్పాడు. ఆమె నాతో, ఈ ఒక్కరోజు అక్కడే ఉండి అలసట తీర్చుకుని రేపు బస్సెక్కు అంది. వార్డు జాగ్రత్తల కాగితంలో ఒక వరస కలుపుతున్నానని కూడా చెప్పింది. స్పర్శ లేని మనిషి కూర్చునే రాయినైనా, ఇనుమునైనా, మరేదైనా ముంజేతి లోపలివైపుతో పది లెక్కపెట్టేదాకా చూడాలి, ఇద్దరు చూడాలి అని. దాని పక్కన నా పేరు వేయనని, వేస్తే ఆయాలు ఎవరూ తప్పు చెప్పరని అంది.

నేను ఈ డ్యూటీలో నేర్చుకున్నవి ఇవి. అనుభవం చేతిని మొద్దు చేస్తుంది, అది చేతికి తెలియదు. అందుకని మన చేతిని ఇంకొకరి చేత్తో సరిచూసుకోవాలి. తప్పు తెలిసినరోజే చెబితే పని నిలబడుతుంది, దాచితే మనిషి నష్టపోతాడు. ఇంటికి నేర్పడమంటే అమ్మకూ నాన్నకూ మాత్రమే నేర్పడం కాదు, ఆ గుమ్మం తొక్కే ప్రతి మనిషికీ ఒక పని చూపించడం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా వెళ్ళిన ప్రతి ఇంట్లో చుట్టాలు వచ్చే వేళ అడిగి, తిప్పే వేళ దానికి కలిపేదాన్ని.

బస్సు పట్టుకోవలసిన రోజు తెల్లవారి, మామూలుగానే తిప్పే వేళకు ముందు నాకు మెలకువ వచ్చింది. వసారాలో ఓబుళరెడ్డి లేచిన అలికిడి, మంచం కిర్రుమన్న శబ్దం, నడుము సర్దుకున్న సుబ్బమ్మ ఒకటి, రెండు అని లెక్కపెట్టే గొంతు వినిపించాయి. దిండు ఇంకాస్త కిందికని హరి చెబుతున్నాడు. నేను చాప మీదనుంచి లేవలేదు. జేజి వచ్చి, ఒంట్లో బాగలేదా అని అడిగింది. బాగానే ఉంది, పనే లేదు అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని, చల్లారకముందే తాగాను.